చిన్నోడి ఇంగ్లీషు మాటల గురించి

బత్తలపల్లె

ప్రియమైన మిత్రమా,

ముంగారు వాన పడింది, చేలల్లో చెనిక్కాయ విత్తనం పడుతోంది. మీ అమ్మకు మందులు నెలనెలా అందుతున్నాయి, దిగులు పడొద్దు.

ఇక మీ చిన్నోడి సంగతి. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష కోసం మూడున్నర వేల ఇంగ్లీషు మాటల పట్టిక ముందేసుకుని పొద్దునా రాత్రీ బట్టీ పడుతున్నాడనీ, ‘సి’ దాకా వచ్చేసరికి ‘ఎ’ మాటలు మరిచిపోతున్నాడనీ ఫోనులో చెప్పి బాధపడ్డావు. వాడి తెలివికి ఏ లోటూ లేదు. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠతా పట్టి, ఎప్పటికి ఎంత మరుస్తున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువని అందులో తేల్చాడు. పదును లేని నేలలో విత్తనం వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వాక్యం లేకుండా నేర్చిన మాటదీ అదే గతి.

పైగా పరీక్ష కూడా మారింది. 2011 ఆగస్టు నుంచి జీఆర్‌ఈలో వ్యతిరేక పదాల ప్రశ్నలు, పదాల జంటల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యమో పేరానో ఇచ్చి, ఖాళీలో ఏ మాట నప్పుతుందో అడుగుతారు. పట్టికలోని అర్థం ఒక్కటే అక్కడ చాలదు.

కాబట్టి మాటల్ని కుటుంబాలుగా పట్టుకోమను. మలేరియా పేరు వినని ఇల్లు మన సీమలో లేదు. అది ఇటాలియన్ మాట. చెడ్డ గాలి వల్ల ఆ జ్వరం వస్తుందని ఒకప్పుడు నమ్మి ఆ పేరు పెట్టారు. అందులోని ‘మల్’ అంటే చెడు. అది తెలిస్తే మాల్‌న్యూట్రిషన్, మాల్‌ప్రాక్టీస్, కీడు కోరే మలెవలెంట్ ఒక్క వరసలో వచ్చేస్తాయి. దానికి ఎదురు ‘బెనె’, అంటే మంచి. బెనిఫిట్, బెనవలెంట్ ఆ ఇంటివే. మన ఊరి ఆర్‌డీటీ ఆసుపత్రిలో గడ్డ పరీక్ష చేయించుకున్నవాళ్లు భయపడుతూ ఎదురుచూసే రెండు మాటలూ ఈ మూలాలవే: బినైన్ అంటే క్యాన్సర్ కాని గడ్డ, మాలిగ్నెంట్ అంటే క్యాన్సర్. జీఆర్‌ఈలో ఇవే మాటలు మనుషుల స్వభావం గురించీ వస్తాయి. నార్మన్ లూయిస్ 1949లో రాసిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఈ పద్ధతిలోనే నేర్పుతుంది. చిన్నోడికి ఆ పుస్తకం కొనిపెట్టు.

అయితే మూలం ఒక్కటే నమ్ముకున్నా ప్రమాదమే. లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. మందతో కలిసి ఉండేవాడు గ్రెగేరియస్, మందలోంచి వేరు చేయడం సెగ్రిగేట్. మందలోంచి విడిగా నిలిచేది ఎగ్రీజియస్. ఒకప్పుడు అది పొగడ్త. ఇప్పుడు ఘోరమైన తప్పు గురించి చెప్పేటప్పుడే వాడతారు. మూలం చూసి మంచి మాటే అనుకున్న పిల్లవాడు పరీక్షలో దెబ్బతింటాడు. ఇలాంటి మలుపు వాక్యంలోనే కనబడుతుంది.

ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ మన తెలుగు నేర్చిందీ వాడుకను పట్టుకునే. 1820లో ఉద్యోగం మీద మన పక్కనున్న కడపకు వచ్చి, 1852 నాటికి పెద్ద నిఘంటువు అచ్చువేయించాడు. వ్యవహారంలో మాట్లాడే తెలుగునూ, కావ్యాల తెలుగునూ రెండింటినీ వివరిస్తుందని దాని పేరులోనే రాసుకున్నాడు. చాలా మాటలకు అర్థంతో ఆగకుండా, ఆ మాట వాడిన వాక్యమో పద్యమో కూడా చూపించాడు. పరాయి భాషను అంత లోతుగా నేర్చినవాడు మన సీమలోనే దారి చూపించి పోయాడు.

చిన్నోడు చేయాల్సింది ఇంతే. రోజుకు పది మాటలు చాలు. ఒక్కోదానికీ నిఘంటువులో వాక్యం చూసి, తెలుగు అర్థం కూడా రాసుకోవాలి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు రెండూ ఉన్నాయి, ఫోనులోనే చూడొచ్చు. తర్వాత తనకు తెలిసిన సంగతి మీద సొంత వాక్యం రాయాలి: ఎండిన బోరు, టమోటా ధర, ధర్మవరం మగ్గం, ఏదైనా సరే. మరుసటి రోజు, మూడు రోజులకు, వారానికి ఆ వాక్యాలు మళ్లీ చూసుకోవాలి. ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం రోజూ చదవాలి.

పల్లెలో తెలుగు మీడియం చదివాడు కాబట్టి తనకు రాదని వాడు అనుకుంటే, ఆ మాట ముందు నువ్వు మాన్పించు. తెలుగు బాగా వచ్చిన పిల్లవాడికి కొత్త మాటను ఆనించుకోవడానికి ఒక భాష సిద్ధంగా ఉంది. ఈ ఆదివారమే వాడికి ఫోను చేసి ఆ పట్టిక పక్కన పెట్టమని చెప్పు. రాసిన వాక్యాలు రోజూ సాయంత్రం నాకు పంపమను, ఒక్కటీ వదలకుండా దిద్దుతాను.

ఇట్లు
నీ మిత్రుడు