మామయ్యా, నీటికుక్కని కొందామా?

ఫిబ్రవరిలో సత్తెనపల్లి వస్తే ముందు తగిలేది ఘాటు. కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి మీంచి గాలి ఇటు తిరిగిందంటే తుమ్ములే తుమ్ములు. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇంటికొచ్చిన నేను మీటింగ్‌లో మ్యూట్ నొక్కేలోపే తుమ్మేస్తుంటా. అలాంటి ఓ మధ్యాహ్నం ఎనిమిదో తరగతి చదివే మా అక్క కూతురు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. రీల్‌లో ఓ నీటికుక్క సోఫాలో వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో బంతి ఆడిస్తోంది.

"మామయ్యా, దీన్ని కొందామా? ప్లీజ్!"

వసారాలో పంజరంలోంచి మా చిలక కూడా "మామయ్యా" అని వంత పాడింది.

నిజం చెప్పొద్దూ, నాకూ ముద్దొచ్చింది. రేటెంతో వెతికాను. రేటు కంటే ముందు చట్టం కనిపించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నీటికుక్కని పట్టుకున్నా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరమే. జపాన్‌లో అయితే వీటితో ఆడుకోవడానికి కెఫేలే ఉన్నాయి. ఆ మోజు కోసం ఆగ్నేయాసియాలో కూనల్ని తల్లుల దగ్గర్నుంచి ఎత్తుకెళ్లి అమ్మేస్తున్నారు. అందుకే 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశం, మన నదుల్లో ఉండే రకంతో పాటు ఇంకో రకం నీటికుక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. అలా చేయమని అడిగిన దేశాల్లో మనదీ ఒకటి.

ఇదంతా చెబితే పిల్ల మొహం చిన్నబోయింది. "సరే, అవి ఉండే ఇంటికే తీసుకెళ్తా పద" అన్నా.

ఆ శనివారం రైలెక్కి కాకినాడ, అక్కణ్నుంచి కోరింగ. 1978లో అభయారణ్యమైన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి ఇది. ఆదివారం పొద్దున్నే పడవెక్కాం. పాటు మీద నీళ్లు తగ్గి, మడ చెట్ల వేళ్లు బయటపడ్డాయి. గంటసేపు కొంగలే. విసుగొచ్చి ఫోన్ తీయబోతుంటే సన్నగా ఈల లాంటి చప్పుడు. బురద గట్టు మీద నాలుగు! రెండు పెద్దవి, రెండు పిల్లలు. జారుతున్నాయి, పొర్లుతున్నాయి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒక్క నిమిషం, అంతే. బుడుంగున మునిగి మాయం. వీడియో తీయడమే మర్చిపోయాం.

"వీటిని ఇంట్లో పెంచుకుంటారంట" అని పడవాయనతో అన్నాను. ఆయన నవ్వాడు.

"ఇంట్లోనా అండీ? బాత్రూం తొట్టి సరిపోద్దా దానికి? వలలో చేప కోసం వలనే కొరికేస్తాదండి. మీ సోఫా ఓ లెక్కా?"

లెక్క వేసి చూశా. పెద్దయ్యాక ఏడు నుంచి పదకొండు కిలోల బరువు. రోజుకి సుమారు కిలో చేపలు. కుటుంబంతో తప్ప బతకని జీవి. ఇది నాదీ అని చెప్పడానికి కంపు కొట్టే రెట్టతో గుర్తులు పెడుతుంది. రీల్‌లో ఆట కనిపిస్తుంది, ఆ కంపూ ఆ కాట్లూ కనిపించవు. అది ఒంటరిదని అసలే తెలియదు.

తిరుగు రైల్లో పిల్ల చాలాసేపు కిటికీలోంచే చూసింది. గుంటూరు దాటాక నెమ్మదిగా అడిగింది: "మరి మన చిలకో మామయ్యా?"

రామచిలకకీ అదే చట్టం. తెలిసే తొమ్మిదేళ్లుగా ఊరుకున్నా. ఇంటికెళ్లి అమ్మతో చెబితే, "కన్నబిడ్డలా చూసుకున్నా. నేనేమైనా హింసపెట్టానా?" అంది. పెట్టలేదు. నా దగ్గర జవాబు లేదు. ప్రేమ తక్కువై కాదు కదా, ఆకాశం తక్కువై.

రెండ్రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే పంజరం తెచ్చి నా చేతికిచ్చింది. అటవీశాఖ వాళ్లకి అప్పగించాం. ఉన్నపళంగా వదిలేస్తే బతకదట, ముందు రెక్కలకి బలం రావాలట.

ఇప్పుడు వసారాలో "మామయ్యా" అని పిలిచేది మా పిల్ల ఒక్కతే. అమ్మ మాత్రం జామకాయ కోసినప్పుడల్లా ఇంకా ఓ ముక్క పక్కన పెడుతోంది.