ఎనిమిదోవాడు

నాకు బ్యాట్‌మన్ కన్నా, ఎవరికీ గుర్తులేని సూపర్ హీరో గుంపులంటే పిచ్చి. 1940లో జస్టిస్ సొసైటీ వచ్చాక, చేతిలో ఉన్న హీరోలందర్నీ ఒక గంపలో వేసి అమ్మొచ్చని అమెరికన్ కామిక్స్ వాళ్ళకి అర్థమైంది. అన్ని గంపలూ అమ్ముడుపోలేదు. ఆల్ విన్నర్స్ స్క్వాడ్‌లో కెప్టెన్ అమెరికా, హ్యూమన్ టార్చ్, సబ్ మెరైనర్ అందరూ ఉన్నారు. 1946-47లో వచ్చినవి రెండంటే రెండు కథలు. ఒకటి 19వ సంచికలో, ఇంకోటి 21లో. మధ్యలో 20 అనే సంచికే లేదు! పేరేమో ఆల్ విన్నర్స్.

కానీ నన్ను వదలనిది సెవెన్ సోల్జర్స్ ఆఫ్ విక్టరీ. 1941 చలికాలంలో లీడింగ్ కామిక్స్ మొదటి సంచికతో మొదలై, పద్నాలుగు సంచికలు నడిచింది. పదిహేనో సంచిక నుంచి ఆ పుస్తకంలో జంతువుల హాస్యకథలు. అంతే, కథ కంచికి.

ఏడుగురినీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. గ్రీన్ యారో, స్పీడీ, స్టార్ స్పాంగిల్డ్ కిడ్, స్ట్రైప్సీ, విజిలాంటే, షైనింగ్ నైట్, క్రిమ్సన్ అవెంజర్. సరిపోయింది. మరి క్రిమ్సన్ అవెంజర్ పక్కన ముసుగేసుకుని తన్నులు తింటున్న ఆ మనిషెవరు?

అతని పేరు వింగ్. చైనీయుడు, క్రిమ్సన్ అవెంజర్ డ్రైవరు. 1938లో, బ్యాట్‌మన్ ఇంకా పుట్టకముందే, డిటెక్టివ్ కామిక్స్‌లోకి వచ్చినవాడు. సహాయకుల్ని లెక్కపెట్టలేదేమో అనుకుందామంటే స్పీడీ ఉన్నాడు. డ్రైవరని వదిలేశారా అంటే, స్ట్రైప్సీ కూడా డ్రైవరే కదా! మిగిలిన తేడా ఏంటో చెప్పక్కర్లేదు. మొదట్లో శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడిన వింగ్‌కి తర్వాత్తర్వాత నత్తినత్తి ముక్కల ఇంగ్లీషు అంటగట్టారు కూడా.

మా నాన్న డ్రైవరు. ఓనర్ల కుటుంబం ఏడుగురు, బండి ఎనిమిది సీట్ల ఇన్నోవా. శ్రీశైలం దారిలో హోటల్ దగ్గర ఆగితే, "ఎంతమంది సార్?" అని అడిగేవాళ్ళట. "ఏడుగురం." నాన్న ఇది ఇంట్లో జోకులా చెప్పేవాడు. హైవే మీద హోటళ్ళలో డ్రైవర్లకి భోజనం ఫ్రీ, వెనకవైపు విడిగా పెడతారు. "ముందర వాళ్ళకి పెట్టే పప్పుకన్నా మనకి పెట్టేదే బాగుంటది రా" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. "మంచోళ్ళే రా, నీ ఫీజు కట్టిందెవరు?" అని నోరు మూయించేవాడు. నిజమే, ఇంటర్ రెండేళ్ళూ వాళ్ళే కట్టారు. అందుకే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలీదు.

1972లో లెన్ వీన్ అనే రచయిత, జస్టిస్ లీగ్ 100 నుంచి 102 సంచికల్లో ఈ గుంపుని తవ్వి తీశాడు. అందరూ మర్చిపోయిన ఆ సైనికుల్లో ఒకడు మిగతావాళ్ళ కోసం చచ్చిపోయాడు. పేరులేని సమాధి. ఎవరిదా అని చూస్తే వింగ్‌ది. చదివినప్పుడు కళ్ళు తడిశాయి, కాసేపయ్యాక చిరాకేసింది. ముప్పై ఏళ్ళ తర్వాత లెక్కలోకి రావడానికి చావాల్సొచ్చిందా?

మొన్న నాన్నకి ఫోన్లో ఆ పేజీలు చూపించి కథంతా చెప్పాను. కళ్ళజోడు పైకి జరుపుకుని, వింగ్ ఉన్న బొమ్మ మీద రెండు వేళ్ళు పెట్టి పెద్దది చేసి చూశాడు.

"ఏం బండి నడిపేవాడు?" అన్నాడు.

కారున్న పేజీ కోసం వెనక్కి తిప్పుతూ పోయాను.