జిమ్మీతో మెదక్ ప్రయాణము

మా గోదావరిఖని కాలనీలో గడియారం చూడనక్కరలేదు. సైరన్ కూస్తే షిఫ్టు మారినట్టు. మధ్యాహ్నం కిటికీ తలుపులు, అలమరలో గిన్నెలు ఒక్కసారిగా కదిలితే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగినట్టు. మనుషులమైన మేము అలవాటు పడ్డాము గాని మా కుక్క జిమ్మీ ఏడేళ్లయినా అలవాటు పడలేదు. ఆ శబ్దం వినగానే మంచం కిందికి దూరి, ఎవరైనా వీపు నిమిరేదాకా వణుకుతూనే ఉంటుంది.

మూడేళ్ల క్రితం దానిని వరండాలో కట్టేసి, అన్నం పెట్టుమని పక్కింటి అక్కకు చెప్పి, మేమంతా రెండు రోజుల ఉజ్జీవ కూటములకు వెళ్లాము. కుక్కే కదా, ఉంటుందిలే అనుకున్నాము. తిరిగి వచ్చేసరికి తెగిన తాడు మాత్రమే ఉంది. నాలుగవ రోజున మట్టిగుట్టల దగ్గర దొరికింది. తాడు ఒరుసుకొని మెడ అంతా పుండైంది. ఆ పుండు కడుగుతుంటే కూటములలో విన్న ప్రసంగమేదీ మాకు గుర్తుకు రాలేదు. సామెతలు 12వ అధ్యాయము 10వ వచనము ఒక్కటే గుర్తుకు వచ్చింది. పాఠకులు తీసి చదువుకోగలరు. మా చిన్నవాడు చాలా రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

అందుచేత ఈ జనవరిలో మెదక్ దేవాలయము చూచి రావాలని అనుకోగానే వాడు, "జిమ్మీ వస్తేనే నేనొస్త" అన్నాడు. పాత మారుతి వ్యానులో మనుషులకే చోటు చాలదని మా వారు సణిగారు. చివరకు వెనుక సీటు కింద గోనెసంచి పరిచారు.

నెల ముందే పశువుల దవాఖానలో రేబీస్ టీకా వేయించి కార్డు దగ్గర పెట్టుకున్నాము. బయలుదేరే ముందు దానికి అన్నం పెట్టలేదు, కడుపు నిండా తింటే దారిలో కక్కుకుంటుందని. ఒక గిన్నె, రెండు సీసాల నీళ్లు, గొలుసు, అంతే సామాను. వేసవిలో మాత్రం ఈ సాహసం చేయకూడదు. మా రామగుండం ఎండలు అందరికీ తెలిసినవే. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దానికి చల్లదనం.

శనివారం మా వారు ఫస్టు షిఫ్టు నుండి వచ్చి స్నానం చేయగానే బయలుదేరాము. బసంత్‌నగర్ టోల్‌గేటు దాటేదాకా జిమ్మీ వణికింది. పెద్దపల్లి దాటాక ముక్కు కిటికీ దగ్గర పెట్టింది. కరీంనగర్ దాటి లోయర్ మానేరు డ్యాము పక్కన ఆగేసరికి పొద్దు గూకుతున్నది. అన్ని నీళ్లు అది ఎన్నడూ చూడలేదు. ముందు మొరిగింది, తరువాత ఊరకే నిలబడి చూచింది. మేమూ అట్లాగే చూచాము.

సిద్దిపేటలో రెండు లాడ్జీలవారు కుక్కను చూచి తల అడ్డంగా ఊపారు. వారి మాటా న్యాయమే. రాత్రివేళ కుక్కను వెంటబెట్టుకొని చుట్టాలింటికి పోవడమెట్లా అని జంకుతూనే మా వారి మేనత్త ఇంటి తలుపు తట్టాము. ఆమె కుక్క సంగతి పట్టించుకోలేదు. "నా ఇల్లుండంగ లాడ్జీకి పోతరా?" అని మమ్మల్నే కోప్పడింది.

ఆదివారం తెల్లవారుజామున లేచి రామాయంపేట మీదుగా మెదక్ చేరాము. దేవాలయ గోపురము సుమారు 175 అడుగుల ఎత్తు. కరువు రోజులలో ఆకలితో ఉన్నవారికి పని చూపి తిండి పెట్టుటకు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఈ కట్టడము పూనుకున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నూరేళ్లు నిండాయి. ఒక్కొక్క రాయి వెనుక ఒక పూట అన్నం ఉన్నదని తలచుకుంటే, అంత ఎత్తు చూచి కలిగే ఆశ్చర్యం వేరుగా ఉంటుంది.

కుక్కను లోపలికి తీసుకొనిపోలేము. "గంటే కదా, అద్దాలు కొంచెం దించి వ్యానులో ఉంచుదాం" అని మా వారు మొదలుపెట్టి, ఆ 'కదా' దగ్గరే ఆగిపోయారు. ఎండ ఎక్కుతున్నది. మూసిన బండిలో వేడి ఎంత త్వరగా పెరుగుతుందో, అది ప్రాణం మీదికి ఎట్లా వస్తుందో వారికీ తెలుసు. "సరే, ఇక్కడా షిఫ్టులే" అని నవ్వారు. వారూ పెద్దమ్మాయీ ఫస్టు షిఫ్టు, చిన్నవాడితో మేము సెకండు షిఫ్టు.

చెట్టు కింద జిమ్మీతో కూర్చుంటే పాటలు చక్కగా వినిపించాయి. విశ్రాంతి దినపు ఆజ్ఞలో పశువుల మాట కూడా ఉన్నదని పిల్లవాడికి చెబితే, "కుక్కకు కూడా ప్లే డేనా?" అని అడిగాడు. అవునన్నాము. ప్రసంగం నడుమ, పాట మొదలైనప్పుడు వారు వచ్చారు, మేము వెళ్లాము. జనమంతా బయటికి పోయాక కూడా మేము కొంతసేపు రంగు అద్దాల ముందు నిలబడ్డాము. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము. ఎండ లోపలికి వచ్చి నేల మీద రంగులు పరచింది.

తిరుగు దారిలో ప్రసంగం మొదటి సగం వారు చెప్పారు, రెండవ సగం మేము చెప్పాము. రెండూ అతకడానికి కరీంనగర్ దాకా పట్టింది. రాత్రి ఎన్టీపీసీ పొగగొట్టాల దీపాలు కనిపించగానే జిమ్మీ లేచి గాలి వాసన చూచింది.

సోమవారం మధ్యాహ్నం మామూలుగానే బ్లాస్టింగు జరిగింది. మామూలుగానే అది మంచం కిందికి దూరింది. చిన్నవాడు కూడా దాని వెనుకే దూరి వీపు నిమిరాడు.