నీటి అడుగున విజయపురి

నాగార్జునసాగరంలో లాంచీ ఎక్కి కొంతసేపు పోతే, నీటి నడుమ ఒక కొండ కనిపిస్తుంది. అదే నాగార్జునకొండ. లాంచీలో కూర్చున్నవారంతా ఆ కొండకేసే చూస్తారు. కాని అసలు ఊరు ఆ చుట్టుపక్కల నీటి అడుగున ఉన్నది!

ఒకప్పుడు అది మూడువైపుల కొండలు, నాలుగోవైపు కృష్ణానది ఉన్న పెద్ద లోయ. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు అక్కడ విజయపురి అనే రాజధాని కట్టుకొని ఏలారు. తరువాత ఆ పట్నం పాడుపడి మట్టిలో కలిసిపోయింది. 1926లో శిథిలాల సంగతి బయటపడింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ అనే ఆయన కొన్ని స్తూపాలు, విహారాలు తవ్వించాడు.

ఆ తరువాత సాగర్ ఆనకట్ట తలపెట్టారు. ఆనకట్ట కడితే లోయ మునుగుతుంది. కట్టకపోతే లక్షల ఎకరాలకు నీళ్లు లేవు. పంటకే మొగ్గు చూపారు, అది సబబే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోగా, 1954 మొదలు 1960 వరకు, పురాతత్వశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన లోయనంతా గాలించారు.

తవ్వటమంటే గడ్డపార పుచ్చుకొని గొయ్యి తీయటం కాదు. విశ్వవిద్యాలయంలో పురాతత్వమే ముఖ్యంగా చదివే విద్యార్థి ముందు నేర్చేది మట్టిని చదవటం. దొడ్లో పెంటకుప్ప చూడండి: నిన్నటి చెత్త కింద, ఇవాళ్టిది పైన. భూమిలో పొరలూ అంతే. కాని ఒక చిక్కున్నది. ఎవరో గింజలు దాచుకోవటానికి పాతర తవ్వారనుకోండి. అది పాత పొరలను చీల్చుకొని దిగుతుంది. దానిలో పడిన కొత్త కుండపెంకు, వెయ్యేళ్లనాటి పెంకు పక్కనే దొరుకుతుంది! మట్టిరంగులో తేడా కనిపెట్టలేనివాడు రెండూ ఒకే కాలానివంటాడు. అందుకే తాపీతో కొంచెం కొంచెంగా గీకుతారు, కుంచెతో దులుపుతారు. గోతికీ గోతికీ నడుమ గట్టు వదిలి, గట్టు గోడమీది పొరలను కొలిచి బొమ్మ గీస్తారు. ఏ పెంకు ఏ పొరలో దొరికిందో అంకె వేస్తారు. తవ్విన పొర మళ్లీ రాదు మరి. పుస్తకంలో పేజీ చదువుతూనే చింపివేసినట్టన్నమాట.

మామూలుగా అయితే కొంత నేల తవ్వకుండా విడిచిపెడతారు, ముందుముందు మనకన్న తెలివైనవాళ్లు వస్తారని. విజయపురికి ఆ వీలు లేదు.

దొరికినవి ఎన్నో! రాతియుగపు పనిముట్లు, ఇక్ష్వాకుల సీసపు నాణేలు, బండిచక్రంలాంటి స్తూపాల పునాదులు, నాలుగువైపులా మెట్లున్న క్రీడారంగం. బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసనాలు చదివితే, దానాలు చేసినవారిలో ఎందరో స్త్రీలు. మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చినది రాజుగారి తోబుట్టువు చాంతిసిరి. నాణేలకన్న నాకు యీ సంగతే విలువైనదిగా తోస్తుంది.

కొన్ని కట్టడాలను కొండమీదా, అనుపు అనే చోటా తిరిగి కట్టారు. క్రీడారంగం అనుపులో ఉన్నది. మీరు వెళ్లి దాని మెట్లమీద కూర్చోవచ్చు.

తవ్వకం ఆరేళ్లలో ముగిసింది. దాని వివరాల మొదటి సంపుటం 1975లో వచ్చింది. రెండవది 2006లో, అంటే తవ్వకం ఆగిన 46 ఏళ్లకు! ఇవాళ ఒక విద్యార్థికి ఫలానా గోడ కింద ఏ పొర ఉన్నదని సందేహం వస్తే, లోయలోకి దిగి చూడలేడు. ఆనాడు ఎండలో నిలబడి ఎవరో గీసిన గట్టుగోడ బొమ్మే అతనికి దిక్కు.