గెలిచిన పుంజు... ఓడిన నాగమ్మ!

పందెంలో గెలిచినవాళ్లకు చప్పట్లు కొట్టడం లోకరీతి. ఒక్క పందెంలో మాత్రం ఓడిన జట్టుకే ఎనిమిది వందల ఏళ్లుగా చప్పట్లు పడుతున్నాయి. గెలిచినామెకేమో శాపనార్థాలు. అదెక్కడో కాదు... మన పల్నాడులోనే!

పలనాటి కోడిపోరు కథ వినని తెలుగువాళ్లు తక్కువ. కానీ దాన్ని ఆ నేల మీద నిలబడి వింటే వేరేగా ఉంటుంది. నరసరావుపేట నుంచి కారంపూడి వైపు బయల్దేరితే కాసేపటికే నాపరాళ్లు పలకరిస్తాయి. గోడలకు అవే, అరుగులకు అవే. శ్రీనాథుడి పేరున వినిపించే చాటువుల్లో ఈ సీమ రాళ్ల మీదా, జొన్నకూటి మీదా బోలెడన్ని ఎకసెక్కాలున్నాయి. రాజుల విందులు మరిగిన కవికి జొన్నన్నం గొంతు దిగలేదు కాబోలు, ఊళ్లన్నిటిలో పల్నాడుకు ఆఖరి ర్యాంకు ఇచ్చేశాడు! 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద వరి, మిరప, పత్తి పండుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా కూడా ఏర్పడింది. చాటువులు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకసారి నోళ్లలో పడిన మాట అంత త్వరగా పోదు మరి. పేపర్లకూ ఈ ప్రాంతం గుర్తొచ్చేది ఎక్కువగా ఎన్నికల గొడవలప్పుడే కదా!

ఇక కోడిపోరు సంగతి. పన్నెండో శతాబ్దం. హైహయ వంశానికి చెందిన సవతి అన్నదమ్ముల మధ్య రాజ్యం రెండు ముక్కలైంది. గురజాలలో నలగామరాజు, ఆయనకు మంత్రి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకు అండ బ్రహ్మనాయుడు. ఇద్దరు మంత్రులూ ఉద్దండులే. కోళ్లు పందానికి దిగాయి. చిట్టిమల్లు, శివంగిడేగ అంటూ ఆ పుంజుల పేర్లు ఇప్పటికీ జనం నోళ్లలో నానుతున్నాయి. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలని షరతు. నాగమ్మ పక్షం గెలిచింది. మాచర్లవాళ్లు మూటాముల్లె సర్దుకుని వలస వెళ్లారు. గడువు తీరాక మా రాజ్యం మాకిమ్మంటూ రాయబారిగా పంపిన అలరాజు, నలగామరాజుకు స్వయానా అల్లుడు, విషప్రయోగంతో చనిపోయాడు. ఆ తర్వాత కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, 1182 ప్రాంతంలో మహాసంగ్రామం. బాలచంద్రుడి లాంటి కుర్రవీరులంతా అక్కడే ఒరిగిపోయారు.

అంతా బాగానే ఉంది. కానీ ఈ కథలో ప్రతి మలుపు దగ్గరా ఒకే మాట వినిపిస్తుంది. పందెంలో మోసం... నాగమ్మదే. అలరాజుకు విషం... నాగమ్మ పనే. యుద్ధం... నాగమ్మ పంతమే. పోనీ, రెండోవైపు కథ ఎక్కడైనా ఉందా అంటే, కనిపించదు. గురజాల జట్టు తరఫున పాడినవాళ్ల పాట మనదాకా రాలేదు!

వచ్చిందంతా మాచర్ల జట్టు పాటే. వీరవిద్యావంతులు పంబ మోతల మధ్య రాత్రుళ్లకు రాత్రుళ్లు పాడేది బ్రహ్మనాయుడి కథ. దానికి కారణం లేకపోలేదు. కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడు ఆయన. మాల కుటుంబంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి, సేనానిని చేసినవాడు. ఆ కథను తరతరాలుగా మోసుకొచ్చిన గాయకులూ మాలలే. తమను పక్కన కూర్చోబెట్టుకున్న మనిషిని వాళ్లు గుండెల్లో పెట్టుకున్నారు. అందులో తప్పుపట్టడానికేముంది? తర్వాత పదిహేనో శతాబ్దంలో ద్విపదలో వచ్చిన 'పల్నాటి వీరచరిత్ర'దీ అదే దారి. దాన్ని శ్రీనాథుడి రచనగా చెబుతారు. అప్పటికే యుద్ధం జరిగి రెండు వందల ఏళ్లు దాటింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చువేయించారు. 1982లో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు, అలిశెట్టి గాలేయ్య పాడిన కథను ఇంగ్లిషులోకి తెచ్చారు. అలా నాగమ్మ మీద అభియోగం సముద్రాలు కూడా దాటేసింది.

ఆ అమెరికాలోనూ ఇలాంటి పేచీ ఒకటుంది. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే జనానికి మనకు క్రికెట్ ఉన్నట్టే. ఆ జట్లకు వారం వారం ర్యాంకులిచ్చేది ఎవరనుకున్నారు? విలేకరులు! అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1949లో ఈ ఓటింగు మొదలుపెట్టింది. టీవీలో రోజూ కనిపించే పెద్ద కాలేజీలకే పెద్ద ర్యాంకులనీ, చిన్న కాలేజీ ఎంత బాగా ఆడినా రాసేవాళ్ల కంట పడదనీ అభిమానుల ఫిర్యాదు. అక్కడ చదివే మనవాళ్లకు ఈ గోల కొత్తకాదు. 2018 మార్చిలో వర్జీనియా జట్టు దేశంలోనే నంబర్ వన్‌గా టోర్నీకి వచ్చింది. తొలి రౌండులోనే మేరీల్యాండ్-బాల్టిమోర్ కౌంటీ కాలేజీ జట్టు చేతిలో 74-54 తేడాతో ఓడిపోయింది. గెలిచిన జట్టుకు ఇచ్చింది తన విభాగంలో పదహారో స్థానం, అంటే ఆఖరిది. నిర్వాహకుల లెక్కలూ, విలేకరుల ర్యాంకులూ మైదానంలో పనిచేయలేదు. ఎవరు ఎవరి పక్షాన ఎంత రాసినా 74-54 మారదు. స్కోరుబోర్డు చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

పలనాటి కోడిపోరుకు స్కోరుబోర్డు లేదు. అటూ ఇటూ కాని అంపైరూ లేడు. నాగమ్మ మోసం చేసిందా, నిజంగానే గెలిచిందా... చెప్పగలిగిన శాసనమేదీ మన ముందు లేదు. ఉన్నది ఓడిన జట్టు చెప్పిన మాట ఒక్కటే. ఓడినవాళ్లు అవతలివాళ్లది దొంగాట అనడం గోళీలాట నుంచీ ఉన్నదే! ఆమాటకొస్తే యుద్ధంలో గెలిచిందెవరో కూడా తేలదు. చివరికి బ్రహ్మనాయుడే రాజ్యాన్ని నలగామరాజుకు అప్పగించి, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ చెబుతుంది.

అయితే ఒకటి. అంతగా తిట్టిపోసిన కథే నాగమ్మను బతికించింది కూడా. పన్నెండో శతాబ్దంలో ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపిందని మనకు తెలిసింది ఆ తిట్ల వల్లే. సినిమావాళ్లు ఆ సంగతి పసిగట్టారు. 1947 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మ కన్నాంబ. 1966లో మళ్లీ తీస్తే ఎన్టీఆర్ బ్రహ్మనాయుడికి ఎదురుగా భానుమతి! ప్రతినాయిక పాత్రకు అంతటి నటీమణులను వెతికారంటే, ఆ ఆట ఒకవైపే సాగితే రక్తికట్టదని వాళ్లకు తెలుసన్నమాట.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఇదీ వరస. ఊరూరి నుంచీ వీరుల కొణతాలు తెస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. మరునాడే కోడిపోరు. బ్రహ్మనాయుడి పుంజూ నాగమ్మ పుంజూ మళ్లీ ఎదురెదురుగా నిలబడతాయి. ఇంటిల్లిపాదీ వెళ్లాలనుకుంటే ఆ రోజు చూసుకోండి. మాచర్ల చెన్నకేశవుడి గుడి, గుత్తికొండ బిలం కూడా దారిలో కలుపుకోవచ్చు. గురజాల వదిలేయకండి. అక్కడ పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే నాగమ్మ కథ అడిగి చూడండి.