చేతికందే కడ్డీ

అమెరికా గూడ్సు బళ్లలో అన్నిటికన్నా సాదా పెట్టె నలభై అడుగుల బాక్సుకారు. చుట్టూ ఉక్కు రేకు, పక్కకు జరిగే తలుపు, కింద చక్రాలుండే రెండు బోగీలు, అంతే. బస్తాలూ, కలపా, ఫర్నిచరూ, కోతల కాలం వస్తే గోధుమలూ మొక్కజొన్నలూ అన్నీ అందులోనే వెళ్లేవి. పుల్‌మన్-స్టాండర్డ్ కంపెనీ 1947లో పీఎస్-1 అనే నమూనా తెచ్చి, తర్వాతి పదిహేనేళ్లలో అలాంటివి లక్షకు పైగా తయారుచేసింది. ఇంజన్లను ప్రేమించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. నా మనసు మాత్రం ఈ పెట్టెల మీదే. దేశానికి అన్నం మోసినవి ఇవి.

నేను కట్టేవి వీటి హెచ్‌ఓ నమూనాలు, అసలులో 87వ వంతు. ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. నలభై అడుగుల పెట్టె పదిహేను సెంటీమీటర్ల లోపే ఒదిగిపోతుంది. మేముండేది షికాగోకి పడమటి శివారులో. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఈ ఊళ్ల మధ్యగా పోయే మూడు పట్టాల లైను ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎఫ్‌ది. 1970 దాకా అది షికాగో, బర్లింగ్టన్ అండ్ క్విన్సీ కంపెనీది. ఆ కంపెనీకి మూలమైన చిన్న రైలుమార్గం 1849లో ఇక్కడికి దగ్గర్లోని అరోరాలో పుట్టింది. అందుకే కిట్టు కొనేటప్పుడు నా చెయ్యి ముందు బర్లింగ్టన్ పెట్టె మీదికే పోతుంది. దాని ఒక పక్క ‘ఎవ్రీవేర్ వెస్ట్’ అనీ, రెండో పక్క ‘వే ఆఫ్ ద జెఫర్స్’ అనీ రాసి ఉంటుంది. ఒకే పెట్టెకు రెండు పక్కలా రెండు నినాదాలు రాయించిన ఆ కంపెనీ ఉత్సాహం నాకు నచ్చుతుంది.

పాతకాలపు స్టైరీన్ ప్లాస్టిక్ కిట్టయితే పెట్టె మొత్తం ఒకే అచ్చులో పోసి వస్తుంది. ఫ్లోరు, ఇనుప బరువు, బోగీలు, చక్రాలు విడిగా ఉంటాయి. తొందరున్నవాళ్లు ఒక్క సాయంత్రంలో బిగించి పట్టాలెక్కించొచ్చు. ఈ హాబీలో ‘మూడడుగుల సూత్రం’ అని ఒకటి ఉంది. మూడడుగుల దూరం నుంచి చూస్తే బాగుంటే చాలు, అంతకు మించి కష్టపడక్కర్లేదు అని. వందల పెట్టెలు నడపాల్సినవాళ్లకు అది సరైన సూత్రమే, కాదనను. కానీ ఈ పెట్టె ఎందుకు ఇలా ఉందో తెలియాలంటే మూడడుగుల దూరం చాలా ఎక్కువ. మూడంగుళాల దగ్గరికి రావాలి.

ఉదాహరణకు చేతి కడ్డీలు చూడండి. మనిషి పట్టుకుని పైకెక్కడానికి పెట్టెకు బిగించిన ఇనుప కడ్డీలివి. కిట్టులో ఇవి పెట్టె గోడకే అంటుకుని, సన్నని గట్టుల్లా పోసి ఉంటాయి. వెనకాల వేలు దూరే సందు ఉండదు. నేను ముందు చేసే పని వాటిని చెక్కెయ్యడం. ఉలిలాంటి బ్లేడును గోడకు ఆనించి, పలచటి పొరలుగా లేపాలి. పక్కనున్న రివెట్ల జోలికి పోకూడదు. ఆరువందల నంబరు ఉప్పు కాగితంతో ఆ మచ్చ పోయేదాకా రుద్దాలి. తర్వాత సూదిమొనతో రెండు గుర్తులు పెట్టి, పిన్‌వైసులో 80వ నంబరు డ్రిల్ బిగించి, వేళ్లతోనే మెల్లగా తిప్పుతూ రంధ్రాలు వెయ్యాలి. ఆ డ్రిల్ మందం 0.34 మి.మీ. పక్కకు కాస్త ఒత్తినా పుటుక్కున విరుగుతుంది. పావు మిల్లీమీటరు ఫాస్ఫర్ బ్రాంజ్ తీగను రెండు కొసలా వంచి రంధ్రాల్లో దూర్చి, తీగకూ గోడకూ మధ్య అర మిల్లీమీటరు స్టైరీన్ బద్ద పెట్టి, పెట్టె లోపలి నుంచి ఒక్క చుక్క సూపర్ గ్లూ అంటించాలి. ఆరాక బద్ద లాగేస్తే కడ్డీ వెనక వెలుతురు కనిపిస్తుంది.

ఆ అర మిల్లీమీటరు నా ఇష్టానికి పెట్టింది కాదు. అమెరికా ప్రభుత్వం 1911లో కొలతలతో సహా ఖరారు చేసింది. చేతి కడ్డీ మందం అంగుళంలో ఎనిమిదింట ఐదో వంతుకు తగ్గకూడదు. పట్టుకునే పొడవు పదహారు అంగుళాలకు తగ్గకూడదు. వెనక కనీసం రెండంగుళాల సందుండాలి, రెండున్నరైతే మరీ మంచిది. గ్లోవ్ తొడిగిన చెయ్యి దూరడానికి ఆ సందు కావాలి. నిచ్చెనల చోటు కూడా అలాగే నిర్ణయించారు. పక్కగోడకు ఎదురుగా నిలబడితే నిచ్చెన కుడి కొసన, చివరిగోడకు ఎదురుగా నిలబడితే ఎడమ కొసన. అంటే రెండూ ఒకే మూలకు చేరతాయి. అర్ధరాత్రి వర్షంలో, ఏ కంపెనీ పెట్టె అయినా, చెయ్యి వెతుక్కోకుండా నిచ్చెన అందాలి. అదీ ఉద్దేశం.

ఆ కొలతల వెనక ఎన్ని చేతులు పోయాయో తలుచుకుంటే బాధేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో పెట్టెకూ పెట్టెకూ లంకె వెయ్యాలంటే మనిషి రెండింటి మధ్యా నిలబడి ఇనుప గొలుసుముక్కను చేత్తో నడిపించి, మేకు దించాలి. వేళ్లు తెగిపోయిన చెయ్యే బ్రేకుమన్‌కు గుర్తింపు కార్డు. బండి ఆపాలంటే కప్పుల మీద పరుగెడుతూ ఒక్కో పెట్టె మీద చక్రం తిప్పాలి, మంచు కురుస్తున్నా సరే. ఎలై జానీ 1873లోనే తనంతట తాను పట్టుకునే కప్లింగుకు పేటెంటు తీసుకున్నాడు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు అంతకు ముందే, 1869లో వచ్చింది. మందు ఉన్నా వాడకం లేదు. కంపెనీలకు అది ఖర్చు. అయోవాకు చెందిన లోరెంజో కాఫిన్ అనే రైతు ఈ రెండూ పెట్టించడాన్ని తన బతుకు పనిగా పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాడు, రాశాడు, సభల్లో నిలబడి అడిగాడు. చివరికి 1893 మార్చి 2న అధ్యక్షుడు హారిసన్ వాటిని తప్పనిసరి చేసే భద్రతా పరికరాల చట్టం మీద సంతకం పెట్టాడు.

గాలి బ్రేకు పొడవాటి గూడ్సులకు పనికొస్తుందా అన్నది తేలింది బర్లింగ్టన్ పట్టాల మీదే. 1886, 1887ల్లో అయోవాలోని బర్లింగ్టన్ ఊరి దగ్గర యాభై పెట్టెల బళ్లతో పరీక్షలు జరిగాయి. ముందున్న పెట్టెలు ఆగిపోయేవి, వెనకాల వాటికి బ్రేకు సంగతి ఇంకా అందేది కాదు. అవి వచ్చి ముందువాటిని గుద్దేవి. వెస్టింగ్‌హౌస్ తన వాల్వును మళ్లీ మొదటి నుంచి దిద్దుకుని, బ్రేకు కబురు చివరి పెట్టె దాకా చకచకా పాకేలా చేశాడు. నా బల్ల మీద బర్లింగ్టన్ పెట్టె బోర్లాపడి ఉన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ పరీక్షలే.

ఇక పెట్టె అడుగు. 1933 నుంచి కొత్త పెట్టెలకు ఏబీ రకం బ్రేకు తప్పనిసరి చేశారు. దానికి ముఖ్యంగా మూడు భాగాలు: గాలి దాచుకునే ట్యాంకు, వాల్వు, సిలిండరు. రైలు పొడవునా ఒకే గొట్టం, అందులో 70 పౌండ్ల ఒత్తిడితో గాలి. బ్రేకు వెయ్యడమంటే అందులోంచి గాలి వదలడం. ఒత్తిడి తగ్గగానే ప్రతి పెట్టె కిందా ఉన్న వాల్వు కదిలి, తన ట్యాంకులోని గాలిని సిలిండరులోకి పంపుతుంది. సిలిండరు లివరును తోస్తుంది, లివరు రాడ్లను లాగుతుంది, రాడ్లు చక్రాల మీద బ్రేకు దిమ్మలను అదుముతాయి. బండి తెగి రెండయినా గాలి పోతుంది కాబట్టి రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. ఈ ఆలోచన ముందు నేను ఎప్పటికీ తల వంచుతాను.

నమూనాలో ఆ వాల్వు శనగబద్దంత ఉంటుంది. ట్యాంకులో రెండు అరలున్నాయి, మామూలు బ్రేకుకు 2500 ఘనపుటంగుళాలు, అత్యవసరానికి 3500. అందుకే వాటిని కలిపే అంచు సరిగ్గా మధ్యలో ఉండదు. ఆ పక్కకున్న అంచు చూసి అతికిస్తే గొట్టాలన్నీ తమ చోట్లకు తామే వస్తాయి. అవన్నీ తీగతో వంచి పెడతాను. పట్టాల మీద పెట్టాక ఇందులో ఒక్కటీ కనిపించదు.

పోయిన వేసవిలో మా అక్కావాళ్లు వచ్చారు. బావగారు విజయవాడలో రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో చేసి రిటైరయ్యారు. పెట్టె పెట్టె కిందికీ వంగి చూసి, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని బీపీసీ మీద సంతకం పెడితే గానీ బండి కదలని ఉద్యోగం. చేతికివ్వగానే ఆయన రంగు చూడలేదు, అక్షరాలు చూడలేదు. తిరగేశారు.

“డీవీ ఏదిరా?”

“ఇదే బావగారూ. వీళ్లు ఏబీ వాల్వంటారు.”

“ప్రెషరెంత?”

“డెబ్బై పౌండ్లు.”

కాసేపు లెక్కగట్టి, “మా ఐదు కిలోలే” అన్నారు సంతోషంగా. తర్వాత గోటి కొసతో రాడ్డు కిందున్న చిన్న రేకు ఆసరా చూపించి, “సేఫ్టీ బ్రాకెట్ కూడా పెట్టావే! ఇది లేకపోతే రాడ్డు ఊడి పట్టా మీద పడుతుంది, పెట్టె లేస్తుంది” అన్నారు. ఆ రేకు పొడవు రెండు మిల్లీమీటర్లు. ఎవరు చూస్తారని ఇన్నాళ్లూ నన్నడిగినవాళ్లకు జవాబు దొరికింది.

ఆయనకు వింతనిపించింది ఒక్కటే, చేతి బ్రేకు చక్రం అంత ఎత్తున ఉండడం. “మా బీసీఎన్ వ్యాగన్‌కు పక్కనే ఉంటుంది, నేల మీద నిలబడి తిప్పొచ్చు” అన్నారు. ఇక్కడ కప్పు మధ్యన పొడవునా నడకబల్ల వేసి మనుషులను పైన నడిపించారనీ, కొత్త పెట్టెలకు ఆ బల్ల మానింది 1966లో గానీ కాదనీ చెబితే చాలాసేపు ఏమీ అనలేదు.

బరువు సంగతికి వస్తే, నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫార్సు ఒక ఔన్సు, దానిపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు. ఈ పెట్టెకు సుమారు 110 గ్రాములు. అంతకు తేలికైతే వంపుల్లో పట్టా దిగుతుంది.

రంగు మీద నాకు పట్టింపు ఎక్కువ. ఇనుప తుప్పు రంగు పొడితో చేసిన చవక ఎరుపే ఈ పెట్టెలకు వేసేవారు, అది ఎండకు ఒక్కో పెట్టె మీద ఒక్కోలా వెలుస్తుంది. అలాగని అంతా తుప్పు పులమడం నాకు నచ్చదు. పనిచేస్తున్న పెట్టె పాడుపడిన పెట్టె కాదు. బోగీలు నూనె బేరింగులవైతే చక్రాల ముఖం మీద తుప్పు ఉండనే ఉండదు. నూనెలో నానిన నూలుపీచు కుక్కిన పెట్టెల్లోంచి జిడ్డు కారి, దానికి దుమ్ము పట్టి చక్రాలు నల్లగా ఉంటాయి. రోలర్ బేరింగులయితేనే చక్రం గోధుమరంగు. పెట్టె పక్కన ఖాళీ బరువు, దాని కింద తూచిన నెలా సంవత్సరం ఉంటాయి. మన వ్యాగన్ల మీద పీఓహెచ్ (ఓవర్‌హాల్) తేదీ ఉన్నట్టే. మళ్లీ తూచినప్పుడల్లా పాత అంకెల మీద ఎర్రటి పట్టీ వేసి కొత్తవి రాసేవారు. వెలిసిన గోడ మీద ఆ ఒక్క పట్టీ కొత్తగా మెరుస్తుంది. అది వేశాక పెట్టెకు ఒక వయసొస్తుంది. యార్డు గుమాస్తాలు సుద్దతో గీకిన గీతలు తెల్ల పెన్సిలుతో చివర్లో గీస్తాను.

బావగారు వెళ్లేటప్పుడు మిగిలిన స్టైరీన్ షీట్లు అడిగి పట్టుకెళ్లారు. బీసీఎన్ కడతారట. కిట్టు లేదు. పైగా మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., ఈ స్కేలులో పందొమ్మిది పైన రావాలి, దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పేమో పదహారున్నర. పట్టా సంగతి తర్వాత చూద్దాం, ముందు అడుగు భాగం మొదలుపెడతానని మొన్న ఫోన్లో అన్నారు. పుల్ రాడ్‌కి ఎంత మందం తీగ వాడాలో అడిగారు. పావు మిల్లీమీటరు చెప్పాను. లావవుతుందేమో, కొలిచి చూస్తానన్నారు.