దొన్నెలో దీపం

హరిద్వార్‌లో సాయంకాలం హారతి చూడాలంటే గంట ముందే వెళ్ళి మెట్లమీద చోటు పట్టుకోవాలి. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో చోటు సంపాదించినవాళ్ళకి ఇదేం పెద్ద విద్య కాదు లెండి. మా పిన్నీ, నేనూ హర్ కీ పౌఢీ ఎదురుగా కూలబడ్డాం.

వేచి ఉన్నంతసేపూ పిన్నికి నాకు తెలిసిన చరిత్ర చెప్పాను. మన ముందు పారుతున్నది నిండు గంగ కాదు, ఎగువన భీమ్‌గోడా దగ్గర మళ్ళించిన పాయ. 1854లో తెరిచిన గంగా కాలువకి నీళ్ళు ఇక్కణ్ణుంచే. తర్వాత మరో ఆనకట్ట తలపెడితే, గంగమ్మకి తలుపులు బిగిస్తారా అని జనం గొడవ చేశారు. మదన్ మోహన్ మాలవీయ, సంస్థానాధీశులూ పూనుకుంటే 1916లో తెల్లదొరలు దిగివచ్చి, నీరు అడ్డులేకుండా పారడానికి సందు వదలడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడే పుట్టిన గంగాసభే ఇప్పటికీ ఈ హారతి జరిపిస్తోంది.

అంతా విని పిన్ని, "గంగమ్మ అయినా సరే, తలుపు తియ్యాలంటే మగాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలన్నమాట" అంది.

పిన్ని అలా మాట్లాడటం అరుదు. ముప్ఫై రెండో ఏట బాబాయి పోయాడు. అప్పట్నుంచీ మా ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా సరే, మంగళహారతి ఎత్తేవేళకి ఆవిడకి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు.

చీకటి పడింది. శంఖాలు, గంటలు, మైకులో పాట. పూజారులు చేతులకి తడిగుడ్డలు చుట్టుకుని అంతస్తులంతస్తుల దీపాలెత్తారు. ఆ మంటలు నీళ్ళలో పడి ముక్కలు ముక్కలవుతున్నాయి. నా ముందాయన సెల్‌ఫోను ఎత్తిపట్టుకోవడంతో సగం హారతి ఆయన ఫోనులోనే చూశాననుకోండి.

పూలమ్మే పిల్ల ఒకతి వచ్చి ఆకు దొన్నె పిన్ని చేతిలో పెట్టింది. బంతిపూలు, గులాబీ రేకులు, మధ్యన చిన్న ప్రమిద. పిన్ని గబుక్కున నావైపు తోసింది.

"నువ్వు వదలవే. నిండు ముత్తయిదువవి."

ఆ పిల్లకి తెలుగు రాదు. ముత్తయిదువ ఎవరో, కానిదెవరో దానికి పట్టలేదు. "మాతాజీ, ఆప్!" అంటూ పిన్ని చేతిలోనే వత్తి వెలిగించేసి డబ్బులకి చెయ్యి చాపింది. ఇక పిన్ని ఏం చేస్తుంది? గాలికి కొంగు అడ్డంపెట్టి, మెట్టు మెట్టూ దిగింది. నీళ్ళు చల్లగా జివ్వుమనిపించాయేమో, ఒక్క క్షణం ఆగింది. తరవాత వంగి వదిలింది. దొన్నె, స్నానాలవాళ్ళు పట్టుకునే గొలుసుకి తగిలి, ఒకసారి గిర్రున తిరిగి, వడిలో పడి పోయింది. కనిపించినంతసేపూ చూస్తూ నిలబడింది పిన్ని.

పైకొచ్చాక కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. లేదు.

"ఏమే, ఆ పిల్ల ఎటుపోయింది? ఇంకోటి కొందాం" అంది.

ఈసారి బేరం కూడా తనే ఆడింది, తెలుగులోనే.